కొసరు లేని అంగడి

అన్న తనను వదిలేసి వెళ్ళాడా? లేక అన్నను ఎవరైనా తనకు కాకుండా చేశారా?

శోణపురం చిన్న రాకుమారుడు సునాభుడు పన్నెండేళ్ళుగా మోస్తున్న సందేహం ఇది. కత్తిసాము నేర్చేటప్పుడు మోశాడు. గుర్రం మీద అడవులు దాటేటప్పుడు మోశాడు. మంచం పట్టిన తండ్రి పాదాలు ఒత్తుతూ కూడా మోశాడు.

అప్పట్లో అతడికి ఎనిమిదేళ్ళు, అన్న జయంధరుడికి ఇరవై. యువరాజ పట్టాభిషేకం నెల రోజులుందనగా, అభిషేక జలంలో కలిపే ఏలకులు తానే ఎంచి తెస్తానని జయంధరుడు మారువేషంలో ఘనసారపురికి బయలుదేరాడు. చిన్నవాడు ఏడ్చి గోలచేసి వెంటపడ్డాడు. లోకంలోని సుగంధద్రవ్యాలన్నీ ఒకే కప్పు కింద అమ్మే నీడంగడి ఆ ఊళ్ళోనే ఉంది. దాని తూర్పు వాకిట్లో, రాతి ఏనుగు పక్కన తమ్ముణ్ణి నిలబెట్టి, గుర్రం కళ్ళెం చేతికిచ్చి, వంకర చిటికెన వేలున్న కుడిచేత్తో తల నిమిరి అన్న ఒక మాట చెప్పాడు.

"కదలకుండా ఇక్కడే ఉండు చిన్నోడా. సరుకు నాన్నగారికి, కొసరు నీకు. ఒక్క ఏలక్కాయ వచ్చినా అది నీదే."

లోపలికి వెళ్ళిన మనిషి మళ్ళీ బయటికి రాలేదు. తలుపులు మూసేదాకా పిల్లవాడు కళ్ళెం వదలలేదు. కిరీటం బరువుకు భయపడి పారిపోయాడని శోణపురంలో కొందరన్నారు. ఏ వర్తకుడి కూతురినో కట్టుకుని ఓడ ఎక్కాడని మరికొందరన్నారు. ముసలిరాజు మాత్రం ఏమీ అనలేదు. ఇంకో పక్షం రోజులకు మించి చెప్పలేమని వైద్యులు తేల్చిన నాడు చిన్న కొడుకుని దగ్గరికి పిలిచాడు. "వాడు మనల్ని వదిలేసుకున్నాడా, మనమే వాణ్ణి పోగొట్టుకున్నామా? అది తెలియందే నాకు కన్ను మూతపడదురా నాయనా" అన్నాడు.

అందుకే ఈ ఉదయం సునాభుడు మళ్ళీ ఆ రాతి ఏనుగు పక్కన నిలబడ్డాడు. వెంట రాజుగారి వంటశాల పెద్ద పేరయ్య వచ్చాడు. అరవై ఏళ్ళ మనిషి. నిలువు నామం, నిండు బొజ్జ, మాటకు ముందు నరసింహస్వామి పేరు. కళ్ళకు గంతలు కట్టినా జాపత్రికీ జాజికాయకూ ఏ ఊరో చెప్పగల ముక్కు. ఇద్దరూ ఇంగువ వర్తకుల వేషంలో ఉన్నారు, మేనమామా మేనల్లుడూ అని చెప్పుకుంటున్నారు.

"లోపలికి దయచేయండి ప్రభూ" అన్నాడు పేరయ్య.

"మామా! నోరు జాగ్రత్త!"

"అయ్యో, మరిచాను. నడువరా అల్లుడా, సన్నాసీ!" అనేసి, అంత మాట అన్నందుకు గబగబా లెంపలు వేసుకున్నాడు.

వాకిట్లో భటులు ఇద్దరి దగ్గరా ఉన్న కత్తులు తీసుకున్నారు. చివరికి పేరయ్య మొలలో ఉన్న పోకలు కత్తిరించే అడకత్తెరను కూడా వదలలేదు. "త్రాసు ముల్లు తప్ప లోపల ఇంకో ఇనుము ఉండకూడదు. తులాధికారి ఆజ్ఞ" అన్నాడు భటుడు. తులాధికారి అంటే ఆ అంగడిలో తూకాలన్నిటికీ పెద్ద.

ఇద్దరూ లోపల అడుగుపెట్టారు.

ఏ కాలపు రాజు కట్టించాడో గాని, ఎండకు సరుకు వాసన చచ్చిపోకూడదని అరకోసు పొడవున్న వీధులన్నిటినీ కలిపి రాతి కప్పు వేయించాడు. కమాను వెనుక కమాను, దాని వెనుక మరో కమాను, చూపు ఆనినంత దూరం. ప్రతి కమాను నడినెత్తినా ఏనుగు పాదమంత కన్నం, వెలుతురు కోసం. ఆ కన్నంలోంచి దిగే ఎండ గాలిలో తేలే ధూళిలో పడి, పసుపు వీధిలో పచ్చని కంబంలాగా, మిరియాల వీధిలో బూడిదరంగు కంబంలాగా, కుంకుమపువ్వు వీధిలో ఎర్రని కంబంలాగా నిలబడి ఉంది. దాల్చినచెక్క కట్టలు మనిషెత్తు పేర్చి ఉన్నాయి. లవంగాల గుట్టల మీద పిల్లులు పడుకుని నిద్రపోతున్నాయి. పచ్చకర్పూరం అమ్మే చోట కళ్ళు చల్లబడితే, పిప్పళ్ళు దంచే చోట అవే కళ్ళు మండి నీళ్ళు కారాయి. పది దేశాల తలపాగాలు, పది భాషల కేకలు.

"నరసింహా!" అన్నాడు పేరయ్య. "వైకుంఠానికి వంటశాల ఉంటే ఇలాగే ఉంటుందేమో నాయనా."

నాలుగు అంగళ్ళు దాటాక సునాభుడి నడక మందగించింది.

"మామా, అమ్మేవాళ్ళని చూశావా?"

పేరయ్య చూశాడు. లవంగాల దగ్గర కూర్చున్న వర్తకుడికి తెల్లని పొడుగు గడ్డం, ఎడమ చెంప మీద పులిపిరి. పక్కన జీలకర్ర అమ్మేవాడికీ తెల్లని పొడుగు గడ్డం, ఎడమ చెంప మీద పులిపిరి. ఎదుటివాడికీ అంతే. ఆ వెనుకవాడికీ అంతే. వీధి చివరిదాకా ఒకటే ముఖం. వాటిలో ఒక్క కన్ను కూడా రెప్ప వేయడం లేదు.

"అన్నదమ్ములేమో" అన్నాడు పేరయ్య.

"వందమంది అన్నదమ్ములా?"

కొనేవాళ్ళెవరికీ అది పట్టినట్టు లేదు. సరుకు మంచిది, తూకం నిక్కచ్చి. ఇంక ముఖంతో పనేముందనుకున్నారు కాబోలు.

అనుమానం రాకుండా ఏదో ఒకటి కొనాలి గనక పేరయ్య లవంగాల ముందు కూర్చున్నాడు. ఒక లవంగం తలను గోటితో నొక్కి నూనె చూశాడు. ఆ అంగడిలో ధర పైకి చెప్పరు. వర్తకుడు ఒక గుడ్డ పరుస్తాడు, ఇద్దరూ దాని కింద చేతులు పెడతారు, వేళ్ళు పట్టుకుని నొక్కి ధర అడుగుతారు, విదిలించి కాదంటారు. పక్కవాడికి ఆ బేరం తెలియదు. పేరయ్య గుడ్డ కింద కాసేపు పెనుగులాడి బేరం తెంపాడు. వర్తకుడు మాట్లాడకుండా లవంగాలు తూచాడు. త్రాసు ముల్లు వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ లేకుండా నిలిచింది.

అప్పుడు పేరయ్య, నలభై ఏళ్ళుగా ప్రతి అంగట్లోనూ చేసినట్టే, ఏ ఆలోచనా లేకుండా అరచెయ్యి చాపాడు.

"ఏదీ, కొసరు?"

వీధి వీధంతా ఒక్కసారి చచ్చినట్టు ఊరుకుంది. దంచుతున్న రోకళ్ళు గాలిలో ఆగిపోయాయి. లవంగాల గుట్ట మీది పిల్లి లేచి పరుగెత్తింది. వందమంది వర్తకుల వంద ముఖాలు ఒకేసారి పేరయ్య వైపు తిరిగాయి. ఎక్కడో లోపల ఒక గంట టంగుమంది.

ఆ క్షణంలో ఒక ముసలమ్మ చీపురుతో వచ్చి పేరయ్య చేతిమీద ఠపీమని ఒక్కటేసింది. "దురద వచ్చిందని చెయ్యి చాపుతారా ఎవరన్నా? గోక్కో, పక్కకెళ్ళి గోక్కో!" అని అరుస్తూ ఇద్దరినీ మూలకు తోసుకుపోయింది. గంట మళ్ళీ మోగలేదు. రోకళ్ళు మళ్ళీ దిగాయి.

ఆమె పేరు గవరమ్మ. నేలమీద రాలిన సుగంధపు ధూళి ఊడ్చి, జల్లించి, అదే అమ్ముకుని బతుకుతుంది.

"సచ్చేవోడివయ్యా!" అంది రొప్పుతూ. "ఈడ కొసరన్న మాటే అనకూడదు. కొసరు అడిగినోడికీ ఇచ్చినోడికీ ఇద్దరికీ చెయ్యి నరికేస్తారు. తులాధికారి శాసనం. పదహారేళ్ళ కింద ఆ విషగంధుడు వచ్చినకాడి నుంచీ ఇంతే."

"కొసరుకి చెయ్యా!" పేరయ్య నోరు తెరుచుకునే ఉండిపోయింది. "దొంగతనానికి కూడా ముందు మందలించి వదులుతారే! కొసరు ఇవ్వనివాడు అసలు వర్తకుడేమిటమ్మా? నరసింహా, ఇదేం రాజ్యం?"

"మెల్లగా అరువు నాయనా. దేనికోసం వచ్చారో చూసుకుని ఎండ నడినెత్తికి రాకముందే పోండి" అని ఆమె చీపురు విదిలించుకుంటూ వెళ్ళిపోయింది.

సునాభుడు మాత్రం ఆగలేదు. అన్న వచ్చింది ఏలకుల కోసం. ఏలకుల వీధి అంగడికి సరిగ్గా నడుమన ఉంది. అక్కడ నాలుగు అంగళ్ళు. నాలుగింటిలోనూ అదే గడ్డం, అదే పులిపిరి. మూడింటి దగ్గర గుడ్డ కింద చెయ్యి పెట్టి ఏదో ఒక ధర అడిగి లేచాడు. వర్తకుల చేతులు కంటికి ముడతలు పడి కనబడుతున్నా, గుడ్డ కింద తాకితే ఒకటి మోటుగా, ఒకటి సన్నగా, ఒకటి ఆడమనిషి చెయ్యంత మెత్తగా ఉంది. మాయ కంటికి కనిపించేదాని మీదే పనిచేస్తోంది. కన్ను సోకని చోట చేతులు ఎవరివి వాళ్ళకే ఉన్నాయి!

నాలుగో అంగడి ముందు కూర్చుని చెయ్యి గుడ్డ కింద పెట్టాడు.

అది పడుచువాడి చెయ్యి. బొటనవేలి కింద కత్తి పట్టిన కాయ. చిటికెన వేలు నడిమి కణుపు దగ్గర బయటికి వంగి ఉంది.

సునాభుడు ఆ కణుపును మళ్ళీ తడిమాడు. ఐదేళ్ళప్పుడు తాను కోట మెట్ల మీదినుంచి జారితే, పట్టుకోబోయి అన్న విరగ్గొట్టుకున్న వేలు అది. వైద్యుడు సరిగా కట్టకపోతే వంకరగా అతుక్కున్న వేలు. ఎదురుగా కూర్చున్న ముసలి ముఖంలో ఏ చలనమూ లేదు. రెప్ప వేయని కళ్ళు అతణ్ణి దాటి ఎక్కడో చూస్తున్నాయి. గుడ్డ కింద మాత్రం ఆ చెయ్యి తమ్ముడి అరచేతిని తడిమి, గట్టిగా పట్టుకుంది. తరువాత వేలితో అరచేతి మీద ఒకే ఒక్క అక్షరం రాసింది.

పో.

"అన్నా!" అన్నాడు సునాభుడు. అనకూడదనుకుంటూనే, పైకే అనేశాడు.

"ఎవరికి ఎవరు అన్న?"

గొంతు వెనుకనుంచి వచ్చింది. సునాభుడు తిరిగి చూశాడు. తాడిచెట్టంత పొడుగైన మనిషి నల్లని అంగీలో నిలబడి ఉన్నాడు. చేతిలో త్రాసు, త్రాసుకు పళ్ళాలుగా రెండు పుర్రె చిప్పలు. ఒంటినుంచి ఏ వాసనా రావడం లేదు. ఇన్ని సుగంధాల నడుమ అతడు నిలబడిన చోట మాత్రం గాలి గుల్లగా ఉంది. విషగంధుడు!

అతడు పెదవులు కదిపి మంత్రం మొదలుపెట్టాడు. మొదటి మాటకే సునాభుడి కాళ్ళు నేలకు అంటుకున్నాయి. రెండో మాటకు నడుము బిగిసింది. మూడో మాట పూర్తికాలేదు. వెనుకనుంచి పేరయ్య, తేమ తీయడానికి మిరియాలు వేయిస్తున్న నిప్పుల మూకుణ్ణి కాలితో ఒక్క తన్ను తన్నాడు. నిప్పులు పొడి మిరియాల కుప్ప మీద పడి గుప్పుమన్నాయి. నల్లని ఘాటు పొగ వీధినిండా కమ్ముకుంది.

"హా...హాచ్!" అన్నాడు విషగంధుడు.

తుమ్ముతో మంత్రం విరిగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టాడు, మళ్ళీ తుమ్మాడు. భటులు తుమ్మారు, బేరగాళ్ళు తుమ్మారు, గాడిదలు తుమ్మాయి. తుమ్మనిది రెప్ప వేయని ఆ వర్తకులు మాత్రమే.

"శతమానం భవతి!" అని విషగంధుణ్ణి దీవించి, పేరయ్య రాకుమారుడి చెయ్యి పట్టుకుని పరుగు తీశాడు. ధనియాల బస్తాల మీదినుంచి దూకారు. వాము జల్లెడల కిందినుంచి పాకారు. వెనుక భటుల అడుగుల చప్పుడు. రెండు మలుపులు తిరిగి, చీకటిగా ఉన్న ఒక స్తంభం చాటున చేరి, దానికి వీపు ఆనించి నిలబడ్డారు.

స్తంభం మీద పేరయ్య భుజానికి ఏదో గుచ్చుకుంది. తడిమి చూశాడు. చూసి గొంతు చించుకోబోతే సునాభుడు నోరు మూశాడు.

రాతిలోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి ఉంది. రాతి చెయ్యే. అయినా గోళ్ళున్నాయి, వేలికి ఉంగరం గాడి ఉంది, అరచేతిలో గీతలున్నాయి. ఇంకా పైన, కప్పును మోసేచోట, కళ్ళు తెరిచిన ఒక ముఖం ఉంది. అది గడ్డం ముసలిది కాదు. నలభై ఏళ్ళ మనిషిది, అతడి సొంత ముఖం.

"స్తంభంలో స్వామి ఉంటాడని చిన్నప్పటినుంచీ విన్నాను" అన్నాడు పేరయ్య. "స్తంభంలో మనిషి ఉంటాడని ఎవరూ చెప్పలేదే! నరసింహా, ఇన్ని స్తంభాలున్న చోట నువ్వు ఏ స్తంభంలోనూ లేవా తండ్రీ?"

"ఉన్నాడో లేడో గాని మా ఆయన ఉన్నాడు" అంది ఒక గొంతు.

గవరమ్మ. చీపురు పట్టుకుని పక్కనే నిలబడి ఉంది. కొంగుతో ఆ రాతి చేతిమీది దుమ్ము తుడిచింది. రోజూ తుడిచే అలవాటు ఉన్నదానిలాగా తుడిచింది.

"నాలుగేళ్ళయింది. అంతకుముందు పన్నెండేళ్ళు ఆ దిక్కుమాలిన గడ్డం పెట్టుకుని పిప్పళ్ళు అమ్మాడు. పట్టుకున్ననాటి వయసే ఉంటది లోపల, పెరగదు. నేనే ముసలిదాన్నయ్యాను. వాడి త్రాసు మంత్రానికి కట్టుబడ్డోళ్ళు పన్నెండేళ్ళు కూర్చుంటారు నాయనా. పన్నెండేళ్ళు నిండిన నాడు, మిట్టమధ్యాహ్నం పైకన్నంలోంచి ఎండ పాదాల మీద పడితే పాదాలకాడి నుంచి రాయైపోతారు. ఆళ్ళ మిగిలిన ఆయుస్సు వాడికి పోద్ది."

"పన్నెండేళ్ళు..." సునాభుడు లెక్క వేసుకున్నాడు. అన్న లోపలికి వెళ్ళింది మాఘ బహుళ పంచమి నాడు. ఈ రోజు మాఘ బహుళ పంచమి.

తలెత్తి చూశాడు. వీధి నడుమ ఎండ కంబం ఏటవాలు తగ్గి దాదాపు నిటారుగా అయింది.

"ఏదో ఒక విరుగుడు ఉండాలి కదమ్మా" అన్నాడు ఆత్రంగా.

"ఉంటే నా మొగుడు రాయయ్యేవాడా?"

పేరయ్య నామం చెరిగిపోయేలా నుదురు రుద్దుకుంటున్నాడు. వంటవాడికి లెక్క ఒకలాగే వస్తుంది. కూరలో ఏది ఎక్కువైతే పాడవుతుందో అది పట్టుకుంటే మిగిలినది తెలుస్తుంది.

"నాకొకటి అడగాలనుందమ్మా, తప్పైతే చెప్పు. వాడింత మాయ తెలిసినవాడు. వాడికి భటులున్నారు, మంత్రముంది. అలాంటివాడు ఒక్క లవంగం మొగ్గ గురించి శాసనం ఎందుకు చేశాడు? గింజకు చెయ్యి నరుకుతానని ఎందుకు చాటించాడు? గింజ పోతే వాడికి పోయేదేమిటి?" ఆగి, సునాభుడి వైపు తిరిగాడు. "ప్రభూ, తూకం సరిపోతే ఇద్దరికీ చెల్లయిపోయినట్టే. లేచి ఎవరి దారిన వాళ్ళు పోతారు. కొసరు ఉందే, అది తూకంలోది కాదు. అది ఇచ్చేవాడి మనసులోది. ఈ అంగడంతా వాడి త్రాసు మీద నిలబడి ఉంది. దానికి అందనిది ఒక్కటే. దానికే వాడు భయపడుతున్నాడు!"

గవరమ్మ చీపురు చేతిలోంచి జారిపోయింది. "పన్నెండేళ్ళు రోజూ ఎదురుగా కూచున్నాను. అన్నం పెట్టాను, ఏడ్చాను. ఒక్కనాడు చెయ్యి చాపి అడగలేదే!" అంది. ఆ రాతి వేళ్ళు పట్టుకుని ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరువాత కొంగు బిగించింది. "పదండి. పసుపు గోతికాడికి."

పసుపు వీధి కూలీలు ఒళ్ళంతా పసుపుతోనే తిరుగుతారు, కళ్ళు తప్ప ఏమీ కనబడవు. పొడి పోసిన గోతిలోకి సునాభుణ్ణి ఆమె నిర్మొహమాటంగా తోసేసింది. పైకి లేచేసరికి కన్నతల్లి కూడా గుర్తుపట్టలేని పచ్చని మనిషి.

"భటుల సంగతి నాకొదిలెయ్యండి" అన్నాడు పేరయ్య.

"వద్దు మామా. చెయ్యి పోతుంది."

"చెయ్యి పోతే ఎడంచేత్తో తిరగమోత పెట్టుకుంటాను. మీ అన్నగారికి మొదటి ముద్ద అన్నం కలిపి పెట్టింది ఈ చెయ్యే బాబూ." మామా అల్లుళ్ళ వేషం మరిచి రాకుమారుడికి దణ్ణం పెట్టి, పేరయ్య బొజ్జ ఊపుకుంటూ అవతలి వీధిలోకి పరుగెత్తాడు. మరుక్షణం ఆ గొంతు కమానులన్నీ మారుమోగించింది. "కొసరు! నాకు కొసరు కావాలి! జీలకర్రకు కొసరు! మెంతులకు కొసరు! ఇంగువక్కూడా కొసరు!"

గంట పిచ్చిపట్టినట్టు మోగింది. భటులంతా అటు పరుగెత్తారు.

సునాభుడు ఏలకుల వీధికి చేరేసరికి అక్కడ విషగంధుడు ఒక్కడే నిలబడి ఉన్నాడు. ఈ ఒక్క క్షణం వదులుకుని ఎక్కడికీ పోడు మరి. పుర్రె త్రాసు ఎత్తి పట్టుకుని, నేలమీద పాకుతున్న ఎండ వంక ఆకలిగా చూస్తున్నాడు. ఎండ గుండ్రం వర్తకుడి పాదాలకు జానెడు దూరంలో ఉంది.

"ఏలకులు కావాలి దొరా. తులం చాలు" అన్నాడు సునాభుడు గొంతు మార్చి.

విషగంధుడు పచ్చని ఆకారాన్ని కిందినుంచి మీదికి చూసి నవ్వాడు. "కొను, కొను. వీడి ఆఖరి బేరం. నిక్కచ్చిగా తూయమను." మొలలోంచి వంపు కత్తి తీసి రెండో చేత్తో పట్టుకున్నాడు. త్రాసు ముళ్ళు కాక ఆ అంగడిలో ఉన్న ఇనుమంతా అదే.

ముసలి ముఖం గుడ్డ పరిచింది. గుడ్డ అంచు ఏలకుల గుట్ట మీద పడింది. సునాభుడు చెయ్యి కింద పెట్టాడు. వంకర వేలు తగిలింది. పైకి చూసేవాళ్ళకు అది బేరమే. ధర కుదిరినట్టు వర్తకుడు తల ఊపి, ఎడమచేత్తో ఏలకులు తూచాడు. ముల్లు నిటారుగా నిలిచింది. తులానికి తులం.

ఎండ పాదాలను తాకింది.

కాలి వేళ్ళు బూడిదరంగుకు తిరిగాయి. పటపటమని రాయి చిట్లుతున్నట్టు చప్పుడు. మడమలు, పిక్కలు. విషగంధుడు కళ్ళు మూసుకుని, ఇష్టమైన వంట వాసన పీల్చేవాడిలాగా ముక్కు ఎగబీల్చాడు.

"సరుకు తీసుకుని పో" అన్నాడు.

సునాభుడు లేవలేదు. గుడ్డ కింద చెయ్యి వెల్లకిలా తిప్పాడు. వేళ్ళు దగ్గరకు చేర్చి, ఎనిమిదేళ్ళ పిల్లవాడు కొసరు కోసం పట్టినట్టు అరచెయ్యి గుంటగా పట్టాడు. అంతకంటే ఏమీ చేయలేదు. నోటితో ఏమీ అనలేదు. అన్నకు వినపడాలంటే ఆ ముఖానికి చెప్పి లాభం లేదు, ఆ చేతికే చెప్పాలి.

అన్న చెయ్యి కదల్లేదు.

మోకాళ్ళు రాయి అయ్యాయి. దూరంగా పేరయ్య కేక సగంలో తెగిపోయింది. పట్టుకున్నట్టున్నారు. సునాభుడు అరచేతిని ఇంకాస్త ముందుకు జరిపి, వేళ్ళ కొసలతో ఆ వంకర కణుపును తాకాడు. తలుపులు మూసేదాకా నిలబడే ఉన్నానన్నా. కళ్ళెం వదల్లేదు. ఇంకా ఇవ్వలేదు నువ్వు.

రాయి నడుముదాకా పాకింది.

గుడ్డ కింద వంకర వేలు ఉలిక్కిపడింది. నెమ్మదిగా, ఊబిలోంచి లాగుతున్నంత కష్టంగా, ఏలకుల గుట్ట వైపు జరిగింది. పైన ముసలి ముఖం కదలకుండానే ఉంది గాని, పన్నెండేళ్ళుగా రెప్ప వేయని కళ్ళలో ఎడమ కన్ను ఒక్కసారి మూసి తెరుచుకుంది. దాని చివర నీటిబొట్టు.

విషగంధుడి చేతిలో పుర్రె త్రాసు గలగలమని వణికింది. అతడు కళ్ళు తెరిచాడు. "ఏం చేస్తున్నావురా?" అని అరుస్తూ కత్తి ఎత్తాడు. గుడ్డను నిలువునా నరకడానికి వంపు కత్తి మెరుస్తూ దిగసాగింది. సునాభుడు చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

కత్తి గుడ్డను చేరకముందే, తులం నిండిన తరువాత, త్రాసు లెక్కకు అందకుండా, ఒకే ఒక్క ఏలక్కాయ తమ్ముడి అరచేతిలో పడింది.